మల్లెపూల కట్టు

మేడ్చల్ వెళ్లి పొద్దు గూకేలోగా తిరిగి రావాలి. ఈలోపల సృజన చేయవలసిన పనులు ఇవి. పాలపొడి డబ్బా తేవాలి; పిల్లకు పడుతుందో లేదో తెలియదు కాబట్టి చిన్నదే చాలు. సీసాకు కొత్త పీక తేవాలి. పాతదాని రంధ్రం పెద్దదైపోయి పిల్లకు పొరపోతోంది. బాపుకు బీపీ మాత్రలు. అమ్మకు తమలపాకులు. ప్రింటింగ్ ప్రెస్సు నుంచి పిలుపు కార్డులు తీసుకుని, పేర్లు తప్పుల్లేకుండా పడ్డాయో లేదో అక్కడే నిలబడి చూసుకోవాలి. మార్కెట్లో మల్లెపూలు కొనాలి. విడిపూలు కాదు, ఒత్తుగా కట్టిన దండలు, వాడనివి. ఈ పూల సంగతి అమ్మ గడప దగ్గర ఒకసారి, గేటు దాకా వచ్చి ఇంకోసారి చెప్పింది.

ఇవన్నీ అమ్మ చెప్పిన పనులు. ఎవరికీ చెప్పకుండా సృజన తనకు తాను పెట్టుకున్న పని ఒకటుంది. పిల్లల డాక్టరును కలిసి ఒక మాట అడగాలి.

ఆ మాట ఎందుకు అడగవలసి వచ్చిందో ఈ కథ వెంట నడుస్తున్నవారికి తెలుసు. ఈ వారమే వచ్చి కలిసినవారి కోసం కొద్దిగా చెబుతాను.

తూంకుంటలో జనార్ధన్‌గారి ఇల్లు. ఒకప్పుడు వరీ కూరగాయలూ పండిన పొలాల్లో ఇప్పుడు ఆయనా, కొడుకు ప్రతాపూ కలిసి హద్దురాళ్లు పాతి ప్లాట్లు అమ్ముతున్నారు. ప్రతాప్ భార్య పద్మలతది జవహర్‌నగర్. తల్లి లేని పిల్ల కావడంతో పురుడు అత్తవారింట్లోనే జరిగింది. ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టవలసింది, దాయాదుల్లో ఎవరో పోయి మైల రావడంతో ఆగింది. ఆ తర్వాత జనార్ధన్‌గారు, కొత్త వెంచర్ ప్రారంభం నాడే పేరు కూడా పెడదాం, లీడర్లు కూడా వస్తారు అన్నారు. లీడర్లు వస్తే ఫోటోలు తీస్తారు. పద్మలతకేమో కాన్పుకు ముందే రెండు చెంపల మీదా ముక్కు మీదా మంగు మచ్చలు పట్టాయి. "మొఖం మాడిన రొట్టె లెక్కయింది, పోటోలల్ల ఎట్ల నిలవడ్తవో ఏమో" అని అత్త లక్ష్మమ్మ నలుగురిలో అన్నది. ఆ మాట పట్టుకుని పద్మలత ఆడబిడ్డ సృజనను తోడు తీసుకుని యాప్రాల్‌లో ఒక బ్యూటీ పార్లర్‌కు వెళ్లింది. అక్కడ ఇచ్చిన గ్లైకాలిక్ ఆసిడ్ క్రీము రోజూ పడుకోబోయే ముందు రాసుకుంది. వారం తిరక్కుండా ముఖం మీది తోలు పొరలు పొరలుగా లేచింది. ఆ వారంలోనే పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి.

తల్లి తిన్నది బిడ్డకు తగులుతుందని బాలింతకు పథ్యం పెట్టే ఇల్లు అది. తిన్నది తగిలినప్పుడు రాసుకున్నది తగలదా? ముఖం తోలు ఊడదీసిన మందు పాలల్లోకి దిగదా? సోమవారం పొద్దున లక్ష్మమ్మ పద్మలత ఒడిలోంచి పిల్లను తీసేసుకుంది. పసిపిల్లలకు స్నానాలు పోసే బుచ్చమ్మను పిలిపించి, పాలు ఎండిపోవడానికి పద్మలత రొమ్ముల మీద మల్లెపూల దండలు పరిపించి, పైనుంచి పాత చీర గుడ్డతో బిగించి కట్టించింది. పూలు వాడినప్పుడల్లా మార్చాలి. మార్కెట్లో కొనవలసిన పూలు అవే.

సృజన చదివింది బి.ఎస్సీ. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషి ఆమే. పూలు కడితే పాలు ఎండుతాయంటే ఆమె నమ్మలేదు. నమ్మలేదు కాబట్టే అడ్డు చెప్పలేదు. అమ్మ తృప్తి కోసం కొన్నాళ్లు పూలు కట్టుకుంటే వదినెకు పోయేదేముంది, పిల్లకు తగ్గగానే కట్టు విప్పి మళ్లీ పాలిస్తుంది అనుకుంది. పూలు తెమ్మన్న రోజల్లా తెచ్చి ఇచ్చింది. ఈ శుక్రవారం కూడా ముందు పూలు కొని, ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి వెళ్లింది.

*

"పాప ఏదమ్మా?" అన్నాడు డాక్టరు, ఆమె ఒళ్లో సంచి తప్ప ఏమీ లేకపోవడం చూసి.

"తేలేదు సార్. ఇంట్ల పంపలేదు. ఊర్లె ఆర్ఎంపీ సిరప్ ఇచ్చిండు, అదే పోస్తున్నరు."

"చూడకుండా నేనేం చెప్పను?"

"పాప గురించి కాదు సార్, పాల గురించి అడుగుదామని వచ్చిన." సృజన క్రీము ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. "మా వదినె ఇది మొఖానికి రాసుకున్నది. పాలిచ్చే తల్లి. ఇది పాలల్లకు పోతదా సార్?"

డాక్టరు ట్యూబు తిప్పి తిప్పి చదివాడు. ఛాతీ మీద రాసుకుందా అని అడిగాడు. లేదంది. రాసుకున్నాక చేతులు కడుక్కునేదా? కడుక్కునేది. పిల్ల ముఖం తల్లి చెంపకు తగిలేదా? పడుకునే ముందు రాసుకునేది, అప్పటికి పిల్ల లక్ష్మమ్మ పక్కలో ఉండేది.

"ముఖానికి ఈ మాత్రం రాస్తే రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. రక్తంలోంచి పాలల్లోకి వెళ్లేది ఇంకా తక్కువ. తోలు లేచిందంటే కాస్త ఎక్కువ రాసుకుని ఉంటుంది. కొన్నాళ్లు మానేయమను. అంతే. నేనైతే దీనికోసం పాలు ఆపించను."

సృజన గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. "అసలే పోదని ఇంట్ల చెప్పొచ్చా సార్?"

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అసలు అనే మాట నేను అనలేనమ్మా. పాలిచ్చే తల్లుల మీద దీన్ని పెద్దగా పరీక్షించి చూసినవాళ్లు లేరు. కానీ నీ భయం ఇటు కాదు, వేరేవైపు ఉండాలి. పాలు కాక పాపకు ఇంకేం పోస్తున్నారు?"

ఆదివారం ఆదివారం వస అరగదీసి నాకిస్తారు. గ్రైప్ వాటర్. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి, నోరు ఎండిపోతుందని అమ్మ చెంచాతో చక్కెర నీళ్లు పోస్తోంది. సృజన చెప్పుకుంటూ పోయింది.

"ఏ నీళ్లు?"

"బోరు ఎండిపోయింది సార్. ట్యాంకర్ నీళ్లు. డ్రమ్ములల్ల పట్టుకుంటం."

"కాస్తారా?"

"అమ్మ బట్టతోని వడగడతది," అంది సృజన. అన్నాక ఆ మాట ఆమెకే ఎలాగో వినిపించింది.

డాక్టరు బల్ల సొరుగులోంచి ఓఆర్ఎస్ పొట్లాలు తీసి ఇచ్చాడు. కాచి చల్లార్చిన నీళ్లలో ఎలా కలపాలో చెప్పాడు. ఆ డ్రమ్ము నీళ్లు ఆపాలి, వస ఆపాలి, తల్లి పాలు ఇవాళే మొదలుపెట్టాలి, రేపు పాపను తీసుకురావాలి. మూత్రం పోయడం తగ్గినా, మగతగా పడుకున్నా రేపటిదాకా కూడా ఆగకూడదు. అప్పుడు ఆయన గాలి పీల్చి, "మల్లెపూలా?" అన్నాడు.

సృజన సిగ్గుపడింది. చదువుకున్న పిల్లవై ఉండి ఇదేమిటంటాడేమోనని నవ్వుతూ చెప్పింది: "మా ముసలోళ్ల నమ్మకం సార్. పూలు కడితే పాలు ఎండుతయంట."

డాక్టరు నవ్వలేదు. "ఎప్పటినుంచి కడుతున్నారు?"

"సోమవారం నుంచి."

"అవి పని చేస్తాయమ్మా. మా ప్రొఫెసరు క్లాసులో చెప్పేవారు. నమ్మకం కాదు, నిజంగానే ఎండుతాయి. పైగా పిల్ల తాగడం కూడా మాన్పించారు కదా." ఆయన గంట కొట్టి తర్వాతి పేషెంటును పిలిచాడు. "తొందరగా వెళ్లు."

సృజన ఆ పూల పొట్లాన్ని క్లినిక్ మెట్ల పక్కన డబ్బాలో పడేసింది. తాను పడేస్తున్నది ఇవాళ్టి పూలను మాత్రమే. ఇన్నాళ్లూ తెచ్చినవి చేసిన పని చేసేశాయి. షామీర్‌పేట వైపు షేర్ ఆటో నిండేదాకా డ్రైవరు కదల్లేదు. ప్రెస్సుకు వెళ్లలేదని, తమలపాకులు మరిచిపోయానని ఆమెకు సగం దారిలో గుర్తొచ్చింది.

*

ఇంటి ముందు పేరు పెట్టే వేడుకకు పందిరి వేస్తున్నారు. గేటుకు అడ్డంగా కట్టెలు, తడికలు. జనార్ధన్‌గారు టెంట్ హౌస్ మనుషులతో కేకలేస్తున్నారు. సృజన పక్కనుంచి దూరి పెరట్లోకి వెళ్లింది. లక్ష్మమ్మ మంచం మీద కూర్చుని పిల్ల నోట్లో సీసా పెట్టాలని చూస్తోంది. పిల్ల తల తిప్పేస్తోంది. కింద బుచ్చమ్మ గుడ్డలు పిండుతోంది.

"పూలేయే?" అంది లక్ష్మమ్మ.

"తేలే."

"వైశాఖంల మల్లెపూలు దొర్కకపోవుడేంది? నువ్వు పోతే సంద్రంల నీళ్లు గూడ దొర్కయి."

"దొరికినయి. కొన్న. పారేసిన." సృజన మంచం పట్టె మీద కూర్చుంది. "అమ్మా, నేను పిల్లల డాక్టర్ దగ్గరకు పోయిన. వదినె పాలల్ల ఏం లేదన్నడు. గిప్పటి సంది పాలియ్యమన్నడు."

"నిన్ను ఎవలు పొమ్మన్నరు?"

"నేనే పోయిన."

"పిల్లను సూడకుంటనే చెప్పిండా? సూడకుంట చెప్పేటోడు డాక్టరా, సోదె చెప్పేటోడా?" లక్ష్మమ్మ బుచ్చమ్మ వైపు చూసింది. బుచ్చమ్మ నవ్వాలా వద్దా అన్నట్టు గుడ్డలోకి చూసుకుంది.

"మొఖానికి రాసింది నెత్తుర్లకు పోవుడే తక్కువంట. పాలల్లకు ఇంకా తక్కువంట."

"తక్కువ అంటే పోతదన్నట్టే గద?"

"దాదాపు పోదమ్మా."

"దాదాపు ఏందే? ప్లాటు బ్యారమా ఇది, అటిటు అనుకునేటందుకు? సక్కగ చెప్పు. పోతదా, పోదా?"

బుచ్చమ్మ చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. లోపలి గది కిటికీ తెర కదిలింది. పద్మలత అక్కడ నిలబడి వింటోంది. పోదు. రెండక్షరాల మాట. ఆ మాట అంటే లక్ష్మమ్మ సగం మెత్తబడేది, ఆమె కళ్లలోనూ ఆ ఆశ కనిపించింది. కానీ సృజన తనకు తెలియనిది తెలుసని ఎప్పుడూ చెప్పి ఎరగదు. పరీక్షలో రాని ప్రశ్నకు జవాబు రాయకుండా ఖాళీ వదిలి వచ్చే పిల్ల ఆమె.

"గట్ల ఎవ్వలూ చెప్పలేరమ్మా. డాక్టర్ గూడ చెప్పలే."

"ఇన్నవా బుచ్చమ్మా? ఇంట్ల మొదటి డిగ్రీ అని మా ఆయన పటం కట్టిచ్చి గోడకు పెట్టిండు. ఒక్క మాట అడిగితే చెప్పరాదు."

"చదువుకున్నోళ్లు గట్లనే ఉంటరు పటేలమ్మా," అంది బుచ్చమ్మ, ఎవరినీ నొప్పించకుండా.

"ఇంకొకటి గూడ చెప్పిండు," అంది సృజన. చెప్పకుండా ఉండలేకపోయింది. "నీళ్లు ఆపమన్నడు. నువ్వు పోసే చెక్కెర నీళ్లు. ట్యాంకర్ నీళ్లతోనే కడుపు పారుకుంటాంది కావచ్చు అన్నట్టు మాట్లాడిండు."

లక్ష్మమ్మ సీసా పక్కన పెట్టింది. ముఖం ఎర్రబడుతుందనుకుంది సృజన. కానీ తల్లి ముఖంలో రంగు పోయింది.

"అంటే నేనా పెట్టింది పిల్లకు రోగం?"

"గట్ల అంటలేనమ్మా..."

"గట్లనే అంటున్నవ్. మొఖం తోలు ఊడదీసుకున్నామె మంచిదయింది, ఎండలకు గొంతు తడిపిన ముసల్ది పాపం జేసిందయింది."

ముందునుంచి జనార్ధన్‌గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఏంది లొల్లి? బయట మనుషులున్నరు, ఎర్క లేదా? కార్డులు తెచ్చినవా బిడ్డా?"

"తేలే బాపూ."

ఆయన విసుక్కుని ప్రతాప్‌కు ఫోన్ కలిపి, పాల లొల్లి సంగతి చెప్పి సృజన చేతికిచ్చారు. సైటు మీద జేసీబీ మోతలో అన్న గొంతు సగమే వినిపించింది. "అమ్మ ఎట్లంటే గట్ల చెయ్ సృజనా. ముగ్గురిని కన్నది. ఆమెకు ఎర్క లేదా?"

సృజన ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "ఇద్దరం గద," అంది, ఎవరితోనూ కాదన్నట్టు. "ముగ్గురంటడేంది అన్న?"

జనార్ధన్‌గారు ఆ మాట విననట్టు బయటికి వెళ్లిపోయారు.

లక్ష్మమ్మ పిల్లను భుజాన వేసుకుని వీపు నిమురుతూ గొంతు తగ్గించి చెప్పింది. "మీ అన్న తర్వాత, నీకు ముందు ఒక్కతి ఉండె. నీకు ఎవ్వలూ చెప్పలే. నేను గూడ చెప్పలే. ఎట్ల చెప్తరు? ఇట్లనే వైశాఖం. మా తోట మామిడిపండ్లు ఇంట్ల మాగేసిండ్రు. ఇల్లంత వాసన. బాలింత తినద్దని మీ నానమ్మ పది తీర్ల చెప్పింది. దొంగతనంగ తిన్న. తెల్లారే పిల్లకు పట్టుకున్నది. ఆగలే. నా పాలు తాగుకుంటనే కండ్లు తేలేసింది."

"అమ్మా..."

"ఊరంత నన్నే అన్నరు. అనుడేంది, నిజమే గద. నా పాలే తగిలినయి దానికి. అందుకే చెప్తున్న. పాలు మంచియా కాదా అని అనుమానం ఉన్నప్పుడు పట్టుడు నాతోని కాదు. నీ దాదాపు నాకు సరిపోదు బిడ్డా."

మామిడిపండు వల్ల కాదమ్మా అనబోయింది సృజన. మాట నోటిదాకా వచ్చింది. అప్పుడే ఇంకొక సంగతి తోచి అక్కడే ఆగిపోయింది. అది కూడా వైశాఖం. ఆ పిల్లకు కూడా ఎండకు నోరు ఎండుతుందని చెంచాతో నీళ్లు పోసే ఉంటారు. బావి నీళ్లో, కుంట నీళ్లో. పాలు కాదని చెప్పాలంటే నీళ్లని చెప్పాలి. ఆ చెంచా పట్టుకున్నది ఎవరి చెయ్యి? ఇంతకాలం మామిడిపండు మీద వేసుకుని మోసిన బరువు తీసి, కూతురై ఉండి, ఆ చేతి మీద పెట్టగలదా?

పెట్టలేకపోయింది. ఓఆర్ఎస్ పొట్లాలు మంచం మీద ఉంచి లేచింది.

*

గదిలో పద్మలత గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖం మీద తోలు లేచినచోట కొత్త చర్మం గులాబీరంగులో మెరుస్తోంది. మంగు మాత్రం అలాగే ఉంది. గది నిండా మల్లెల వాసన. పెళ్లివారిల్లు గుర్తుకొచ్చే వాసన.

"అంత విన్నవు గద వదినె. కట్టు విప్పు. అమ్మ సంగతి నేను చూసుకుంట."

పద్మలత కదల్లేదు. "పొద్దుగాల బుచ్చమ్మ కొత్త పూలు కట్టింది. పక్కింటోళ్ల చెట్టువి తెంపుకొచ్చి."

"నువ్వు వద్దనలేదా?"

"నేనే తెమ్మన్న."

సృజనకు వెంటనే అర్థం కాలేదు.

"నిన్న ఆగలేకపోయిన సృజనా," అంది పద్మలత. "పిల్ల ఏడ్వంగనే పాలు చేపుకొస్తున్నయి. గుడ్డలు తడిసిపోతున్నయి. అత్తమ్మ స్నానానికి పోయింది. ఎవ్వలు సూడకుంట ఒక్కసారి పట్టిన. ఎంత సంబురంగ తాగిందో. నా ఏలు పట్టుకుని తాగింది. గంట కాకముందే మల్ల పారుకున్నది, నీళ్ల లెక్క. అత్తమ్మ తప్పు కాదు. నా కండ్లతోని నేనే చూసిన."

"అది పాలతోని కాదు వదినె. ముందు సంది ఉన్నదే."

"నీకు ఎర్కనా? నీ పిల్లయితే పడ్తవా?"

సృజన పెళ్లి కాని పిల్ల. ఆమె చదివిన పుస్తకాల్లో ఏ ఆమ్లం ఏ లవణంతో కలిస్తే ఏమవుతుందో ఉంది, ఈ గది గురించి ఏమీ లేదు.

"నిన్ను పార్లర్‌కు తీస్కపొమ్మని బతిమాలింది నేనే," అంది పద్మలత. "తెల్లగైతదనుకోలే. అందరి నడుమ నిలవడ్డప్పుడు తల దించుకోకుంట ఉంటే చాలనుకున్న. గంతే సృజనా. అది గూడ ఎక్కువే అయింది నాకు." ఏడుపు రాలేదు ఆమెకు. "జవహర్‌నగర్‌ల చెత్త డంపు కంపు వాసనల పుట్టి పెరిగిన. మా అమ్మ పోయేదాకా నాకు పాలిచ్చిందట, ఏ రోగం రాలే. ఈడ మల్లెపూల నడుమ కూసున్న, నా పాలు పనికిరావు."

పెరట్లోంచి కేక వినిపించింది. లక్ష్మమ్మ గొంతు, కానీ ఎప్పుడూ వినని గొంతు.

"బుచ్చమ్మా! ఇటు రాయే! పిల్ల కండ్లు తెరుస్తలేదు!"

ఇద్దరూ పరుగెత్తారు. పిల్ల లక్ష్మమ్మ ఒళ్లో మెత్తగా వాలిపోయి ఉంది. నోరు కొద్దిగా తెరిచి ఉంది, పెదవుల మీద తడి లేదు. బుచ్చమ్మ పిల్ల తల మీద అరచెయ్యి పెట్టి చూసి, చెయ్యి తీయకుండానే అంది: "మాడు లోపలికి పోయింది పటేలమ్మా."

"ఉచ్చ ఎప్పుడు పోసింది?" అడిగింది సృజన.

ఎవరికీ గుర్తు లేదు. బుచ్చమ్మ తాడు మీద ఆరేసిన గుడ్డల వైపు చూసి, ఇవన్నీ విరేచనాల గుడ్డలే అంది.

సృజన మంచం మీది పొట్లం తీసుకుని లోపలికి వెళ్లి స్టవ్ మీద నీళ్లు పెట్టింది. అవి మరగడానికి, చల్లారడానికి పట్టే సేపు ఎంతో ఆమెకు తెలుసు. ఇంతకుముందు లక్ష్మమ్మతో వాదిస్తున్నప్పుడే పెట్టి ఉండవలసింది. గిన్నెను పళ్లెంలో చల్లనీళ్లలో పెట్టి ఊదుతూ, పొట్లం చింపి కలిపి, చెంచాతో తెచ్చింది. లక్ష్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీళ్లే వద్దంటివి. మల్ల నీళ్లే పోస్తున్నవేందే?"

"ఇవి కాచిన నీళ్లమ్మా. మందు కలిపినవి."

"నాకేం సమజ్ అయితలేదు," అంది లక్ష్మమ్మ. చెయ్యి మాత్రం వదిలేసింది.

పిల్ల ఒక చెంచా మింగింది. రెండో చెంచా పెదవి పక్కనుంచి కారిపోయింది. అప్పుడు లక్ష్మమ్మ ఎవరూ అనుకోని పని చేసింది. పిల్లను తీసుకెళ్లి పద్మలత ఒడిలో పెట్టింది. వెనక ముడి విప్పబోతే రాకపోయేసరికి, గుడ్డను పంటితో లాగి తెంపింది. వాడి గోధుమరంగుకు తిరిగిన దండలు నేల మీద పడ్డాయి.

"పట్టు బిడ్డా," అంది. "ఏదైతే అదే అయితది. పట్టు."

పద్మలత పిల్ల నోటికి రొమ్ము అందించింది. పిల్లకు వాసన తెలిసింది. కళ్లు తెరవకుండానే నోరు వెతుక్కుని పట్టుకుంది. రెండు గుటకలకు సరిపడా చప్పరించింది. వదిలేసింది. మళ్లీ పెట్టారు. మళ్లీ పట్టుకుని వదిలేసింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని అక్కడున్న నలుగురికీ అనిపించింది. పద్మలత బొటనవేలితో ఒత్తి చూసుకుంది. వేలికి తడి తగిలింది. అది పాలో, చెమటో ఆమెకు తెలియలేదు.

"పది సార్లు పెట్టాలె, నూరు సార్లు పెట్టాలె," అంది బుచ్చమ్మ. ఆమె గొంతులో ఇప్పుడు ఏ ధీమా లేదు. "ఒక్కొక్కరికి మళ్లొస్తయి. ఒక్కొక్కరికి రావు. నేను కట్టిన కట్టు గట్టిగనే కట్టిన తల్లీ."

పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి జనార్ధన్‌గారు బొలెరో తీయబోయారు. గేటుకు అడ్డంగా పందిరి కట్టెలు పాతి ఉన్నాయి, మధ్యాహ్నమే గట్టిగా రాళ్లు కొట్టి బిగించారు. పీకండిరా అని ఆయన అరుస్తున్నారు. టెంట్ హౌస్ మనుషులు పారలకోసం వెతుకుతున్నారు. ఒకడు, పందిరి మొత్తం కూలుతుంది సార్ అంటున్నాడు. కూలనీ అన్నారు ఆయన. సృజన క్లినిక్‌కు ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. వెనక సీట్లో పద్మలత పిల్లను రొమ్ముకు ఆనించుకుని, కొంగు కప్పుకుని కూర్చుంది. పక్కన లక్ష్మమ్మ పిల్ల పాదాలు రెండూ తన అరచేతుల్లో పట్టుకుని కూర్చుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ముందు ఒక కట్టె కదిలింది. ఇంకొకటి కదల్లేదు.

బండి ఇంకా గేటు లోపలే ఉంది.

ఈ వారమంతా మీ మీ పనుల్లో మీరుంటారు. ఎవరిది తప్పని మీ ఇళ్లలో మాట్లాడుకుంటారు; లక్ష్మమ్మదనీ, సృజనదనీ, క్రీము ఇచ్చినవారిదనీ అంటారు. అనండి. నేను అడిగేది ఒక్కటే. ఆ కొంగు చాటున ఉన్న పిల్లను గుర్తుంచుకోండి. పేరు చెబుదామంటే ఇంకా పెట్టలేదు. పేరు లేకుండానే గుర్తుంచుకోండి.